పొగలో దగ్గని మనిషి

"ఈ వంటింట్లో ఎండుమిరపకాయ నూనెలో పడకూడదు, పిన్నిగారూ. అంతే."

"ఎందుకు పడకూడదు?"

"పడకూడదని చెప్పానుగా."

"గుంటూరు జిల్లాలో కూర్చుని మిరపకాయ లేని తాలింపు పెట్టమంటారా? అది పప్పు అవుతుందా, పథ్యం అవుతుందా?"

"ఆవాలు వేయండి, జీలకర్ర వేయండి, పచ్చిమిరపకాయలు వేయండి. కారం కావాలంటే పైన చల్లండి. ఎండుమిరపకాయ వేయించొద్దు, కాల్చొద్దు. ఘాటు లేవకూడదు."

"కారణం చెప్పండి, వింటాను."

"చెప్పను. ఇక్కడున్నవాళ్ళు నాతో చెప్పుకున్న మాట నా గది దాటదు. వంటింటికి అసలే రాదు."

"అయితే నా మాట వినండి. మా హవల్దారు కొండల్లోంచి వచ్చాక ఏడాదిన్నర అరిచాడు. మీలాంటి చదువుకున్నవాళ్ళు ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. నేనే బాగుచేసుకున్నాను. ఆ ఎండుమిరపకాయలతోనే."

మేడం పెన్నుకు మూత పెట్టింది. "ఎలా బాగుచేశారు?"

"చెప్పను. మీరు చెప్పారా ఏమిటి."

నేను డ్యూటీలో చేరిన మొదటి గంటలో జరిగిన గొడవ ఇది. మాఘమాసం చివర, సోమవారం, పొద్దున ఎనిమిదిన్నర. ఆకాశంలో మబ్బు లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. నా సామాను రేకు ట్రంకు పెట్టె ఒకటి, మంగళగిరి నేత చీరలు మూడు, దుప్పటి ఒకటి, సొంత కత్తిపీట. ఇంకొకరి కత్తిపీటతో నాకు పని సాగదు.

నేను సైన్యంలో పనిచేయలేదు. మా ఆయన చేశాడు, పద్దెనిమిదేళ్ళు, హవల్దారుగా. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు రాయడం అలవాటు చేసింది ఆయన ఉత్తరాలే. ఆయన పోయాక డైరీలు తీసి చూశాను. ముందు టైము, తర్వాత వాతావరణం, తర్వాత సామాను, తర్వాత ఆర్డరు. మనసులో ఏముందో ఒక్క ముక్క లేదు. నాకు తెలిసిన రాత అదే కాబట్టి అలాగే రాస్తాను. నేను చేసింది తొమ్మిది వారాల డ్యూటీ. మాజీ సైనికులకు మాటలతో వైద్యం చేసే చోట వంట, ఊడ్పు, బట్టలు. తిరిగొచ్చాక ఊళ్ళోవాళ్ళు "ఆ పిచ్చోళ్ళ దగ్గర ఏం చేశావు మామ్మా" అని అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కసారి రాసి పెడుతున్నాను.

గుంటూరు నుంచి నరసరావుపేట పోయే రోడ్డు మీద బస్సు దిగి, కుడివైపు మట్టిరోడ్డున కిలోమీటరున్నర నడవాలి. మూతపడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటి వస్తుంది. గుమస్తాల కోసం మిల్లువాళ్ళు కట్టించిన వరస గదులు ఎనిమిది, ముందు వరండా, చివర వంటిల్లు. అదే మా పోస్టు. పడమటి వైపు పత్తి మోళ్ళు పీకేసిన నల్లరేగడి. ఉత్తరాన నడుమెత్తు గోడ. గోడ అవతల ఒక రైతు కల్లం, పట్టాల మీద ఎకరం మేర మిరపకాయలు ఎండుతూ ఉంటాయి. గదుల తలుపులకు గడియలు లేవు. లోపలా లేవు, బయటా లేవు. అన్నీ మేడం ఊడదీయించింది. మేకుల బెజ్జాలు అలాగే ఉన్నాయి. మంచి గడియలు పాత సామాను కింద పోయాయని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది.

మేడం అంటే సైకాలజిస్టు. మందులు రాసే డాక్టరు గుంటూరు నుంచి గురువారం వచ్చేవాడు. ఈవిడ మందులు రాయదు. యాభై దాటిన మనిషి, కాటన్ చీర, మగవాళ్ళ వాచీ. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తోందని డ్రైవరు చెప్పాడు. డ్రైవరు కూడా మాజీ సైనికుడే, సిగ్నల్సులో వైర్‌లెస్ మోసినవాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర వైద్యానికి వచ్చి, బాగయ్యాక ఆవిడ బండి పట్టుకుని ఉండిపోయాడు.

"ఎందుకురా ఆ మిరపకాయల ఆర్డరు?" అని అతన్ని అడిగాను.

"మీకు ముందున్న వంటావిడ తాలింపు పెట్టిన రోజు సాపరు మంచం కిందికి దూరాడు మామ్మగారూ. గంటన్నర బయటికి రాలేదు. అంతకంటే నాకూ తెలియదు. ఓవర్."

సాపరంటే భూమిలో పాతిన మందుపాతరలు వెతికి తీసేవాడు. అట్లాంటి పని చేసినవాడు పప్పు తాలింపుకు మంచం కింద దూరాడంటే నాకు రోతగా అనిపించింది. అది మొదటి వారం సంగతి. దాచుకోకుండా రాస్తున్నాను.

ఆర్డర్లు గోడకు అంటించి ఉండేవి. ఐదున్నరకు టీ. ఆరింటికి నడక. ఎనిమిదింటికి టిఫిను. పది నుంచి మేడం గది, మనిషికి ఒక గంట. మొదటి గంట సాపరుది. అప్పుడు ఆరుగురు ఉన్నారు. వాళ్ళు కక్కింది కడిగాను. బీడీ పీకలు ఏరాను. కంచంలో వదిలిన అన్నం చూస్తే ఒళ్ళు మండేది. రెండో రోజు నుంచి వడ్డన నా చేతిలోకి తీసుకున్నాను. అడిగినంతే పెట్టాను, పెట్టింది తినేదాకా లేవనివ్వలేదు.

ఫిరంగులు పేల్చిన గన్నరు ఒకతను దాచేపల్లి వైపువాడు. వాళ్ళ ఊరి పక్కన సున్నపురాయి క్వారీ ఉంది. మధ్యాహ్నం రెండింటికి పేలుస్తారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రెండింటికి ఐదు నిమిషాల ముందే పశువుల కొట్టంలో బోర్లా పడుకునేవాడట. మా దగ్గర క్వారీ లేదు. అయినా ఒంటిగంటా యాభై ఐదుకు వాచీ చూసుకునేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"మామ్మగారూ, ఈ పప్పు అటువైపు వాళ్ళకు పెట్టి ఉంటే యుద్ధం లేకుండానే లొంగిపోయేవాళ్ళు."

"లొంగినవాడివి నువ్వున్నావుగా. కంచం కడుక్కో."

మేడం గదిలో ఇనుప బీరువా నిండా నోటు పుస్తకాలు. అట్టల మీద పేర్లు లేవు, నంబర్లే. చదువుకునే రోజుల్లో ఆవిడ పరాయి దేశం నుంచి వచ్చిన ప్రశ్నల కాగితం పట్టుకుని పల్లెలన్నీ బస్సుల్లో తిరిగిందట. "వేడుకలకు వెళితే మీకు ఉత్సాహంగా ఉంటుందా" అని అందులో ఉండేదట. ఒంగోలు అవతల ఒక ముసలి సుబేదారు "పొగాకు కొనేవాడు లేని ఏడు ఎవరికమ్మా ఉత్సాహం" అన్నాడట. ఆ కాగితం మడిచేసి, ఆవిడే కొత్త ప్రశ్నలు రాసుకుంది. బల్ల తుడుస్తూ నేను చదివాను. బస్సులో ఏ సీటులో కూర్చుంటావు? పెళ్ళి ఊరేగింపు వస్తుంటే ఇంట్లో ఎక్కడుంటావు? తాలింపు ఘాటు వస్తే లేచిపోతావా, కూర్చుంటావా? మూడోది చదివి నవ్వాను. ఇంత చదువు చదివి మగవాళ్ళను తాలింపు గురించి అడుగుతోందని నవ్వాను.

ఈ పనికి ఏదో సాయం అడగడానికి వెళితే ఒక ఆఫీసరు "మన జవానుకు భయమేమిటండీ, ఇదంతా పైదేశం జబ్బు" అని ఫైలు వెనక్కి తోశాడట. ఆయన ఏసీ గదిలోంచి చెప్పాడు ఆ మాట. ఆయన కంచాలు నేను కడగలేదు కాబట్టి బతికిపోయాడు.

ఆవిడ వైద్యం నాకు నచ్చలేదు. జరిగినదాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పిస్తుంది. చెప్పింది రికార్డు చేసి వాళ్ళకే వినిపిస్తుంది. గదిలోంచి బయటికి వచ్చేసరికి బనియన్లు తడిసి ఉండేవి. ఉతికేది నేనే.

"ఎందుకండీ ఈ హింస? పుండు మీద చెక్కు రోజూ లేపుతారా ఎవరైనా?" అన్నాను ఒకరోజు.

"లోపల చీము ఉంటే లేపాలి పిన్నిగారూ. ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం పుండు ఉన్నవాడే చెప్పాలి. పక్కవాళ్ళు గోరు పెట్టకూడదు."

ఆ మాట విన్నాను. చెవిలో పడింది, అంతే.

సాపరుకు ముప్పై ఎనిమిదేళ్ళు. పొడగరి. నేను చేరడానికి పది రోజుల ముందు వచ్చాడు. మొదట్లో గోడకు వీపు ఆనించి నిలబడి తినేవాడు. కల్లం వైపు కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. అతని అన్న తీసుకొచ్చి వదిలి వెళుతూ వరండాలో అందరూ వినేలా చెప్పాడట. "మూడు నెలలు చూస్తాను మేడం. మనిషి కాకపోతే కొండ కింద ఒక చోటుంది, అక్కడికి తీసుకుపోతాను. కాలికి గొలుసు వేసి నలభై రోజులు ఉంచుతారు. చాలామందికి తగ్గింది." సాపరు పక్కనే నిలబడి విన్నాడట. డ్రైవరు చెప్పినప్పుడు నేను లెక్క వేసుకున్నాను. నేను చేరిన పదకొండు, పన్నెండు వారాలకు ఆ మూడు నెలలు నిండుతాయి.

మూడో వారంలో ఒక పొద్దున నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. చూపు సరిగా ఆనదు నాకు. గుమ్మంలో నిలబడి చూస్తున్నవాడు వచ్చి చేట తీసుకున్నాడు. కళ్ళతో వెతకలేదు. వేళ్ళ కొసలు ఆనించి, నొక్కకుండా, ఒక వరస తర్వాత ఇంకో వరస జరుపుకుంటూ పోయాడు. పదకొండు రాళ్ళు తీశాడు.

"ఈ చేటలో ఇంకొక్క రాయి దొరికితే నన్ను అడగండి, మామ్మా," అన్నాడు. నాతో అన్న మొదటి మాట అది.

ఆ రోజు నుంచి ఐదున్నర టీ కాగానే వంటింట్లో కూర్చునేవాడు. పప్పు అయ్యాక బియ్యం. బియ్యం అయ్యాక మినుములు. ఆరో వారానికి కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఏడో వారంలో గోడ వదిలి వరస మధ్యలో కూర్చున్నాడు. గన్నరు కుళ్ళు జోకు వేస్తే నవ్వాడు కూడా. మేడం ఆ పూట రెండోసారి అన్నం అడిగింది.

తొమ్మిదో వారం, ఆదివారం. ఉక్కపోత, గాలి లేదు. మేడం, డ్రైవరు పొద్దున ఆరింటికే ఒంగోలు వెళ్ళారు. అక్కడ ఇంకో పదిమందిని నెలకోసారి చూసి వస్తుంది. పదకొండింటికి రెండు కార్లు వచ్చాయి. ఏదో సేవా సంఘం పెద్దలు. తెల్లచొక్కాలు, ఒక బ్యానరు, శాలువాలు, రెండు గెలల అరటిపళ్ళు. మేడం లేరని చెప్పాను. "మేడం ఎందుకమ్మా, మన వీరులు ఉన్నారుగా" అన్నాడు ముందున్న ఆయన.

ఆరుగురినీ బ్యానరు కింద నిలబెట్టారు. ఆ ఎండలో, ఆ ఉక్కలో శాలువాలు కప్పారు. పెద్దమనిషి ఒకడు సాపరు ముఖానికి ఫోను ఆనించి "మంచులో ఎట్లా ఉంటుంది తమ్ముడూ, ఏదన్నా ఒక సాహసం చెప్పు, ఒళ్ళు గగుర్పొడిచేటట్టు" అన్నాడు. సాపరు సెల్యూట్ మాత్రం కొట్టాడు. "సిగ్గుపడుతున్నాడు" అని నవ్వారు. ఫోటో కోసం అరటిపండు వలిచి తమ చేత్తోనే తినిపించారు, పిల్లలకు పెట్టినట్టు. నలభై నిమిషాలు. వెళ్ళాక వరండా నిండా తొక్కలు. వాళ్ళను చూసి ఎంత అసహ్యపడ్డానో, వాళ్ళకు మజ్జిగ కలిపి ఇచ్చిన నన్ను చూసి అంతకంటే ఎక్కువ అసహ్యపడాలి. తరిమెయ్యాల్సింది.

సాపరు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నాలుగింటికి మళ్ళీ గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఇన్ని వారాల కష్టం ఒక్క పూటలో పోయింది. ఇంతమంది కళ్ళు పడ్డాయి, దిష్టి తగిలింది అనుకున్నాను. మా ఆయనకు పనిచేసింది ఇతనికి పనిచెయ్యదా అనుకున్నాను.

ఐదూ నలభైకి డ్రైవరు ఫోను.

"కిచెన్, కిచెన్. చిలకలూరిపేట దాటాం. పద్దెనిమిది ముప్పైకి చేరతాం. ఓవర్."

"అన్నం పెట్టి ఉంచుతాను," అన్నాను. మిగతాది చెప్పలేదు.

ఎండుమిరపకాయలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మొదటి రోజు నుంచీ చీర మడతలో ముడివేసి ఉన్నాయి. ఆర్డరు వంటింటికి గాని పెట్టెకు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఏడు మిరపకాయలు, గుప్పెడు కళ్ళుప్పు. కుంపటిలో బొగ్గులు రాజేశాను. ఆరింటికి సాపరును వంటింట్లోకి పిలిచాను.

"కూర్చో నాయనా. తూర్పు ముఖంగా."

"ఏంటి మామ్మా?"

"ఏం లేదు. నలుగురి కళ్ళూ పడ్డాయి. దిగదుడిచి పారేస్తాను."

పీట మీద కూర్చున్నాడు. నా చేతిలో ఏముందో గుప్పిట మూసి ఉంది కాబట్టి చూడలేదు. పొగ చెదిరిపోకూడదని తలుపు మూశాను. గడియ లేదుగా, రుబ్బురోలు పొత్రం అడ్డం దొర్లించాను. మూడుసార్లు తిప్పాను. నిప్పుల్లో వేశాను.

ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, మిరపకాయలు కాలినప్పుడు దగ్గు రాకపోతే దిష్టి బాగా ఉన్నట్టు. నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్ళు మండిపోయాయి. సాపరు దగ్గలేదు. నిటారుగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు బిగించి ఉంది. అమ్మయ్య, దిష్టి ఉన్నమాట నిజమే, పోతోంది అని సంతోషపడ్డాను. నిమిషం పైన అయింది. ముఖం నల్లగా కమిలింది. అప్పుడు లేచాడు. పొత్రం ఎగిరి అటు పడింది, తలుపు ఇటు. వరండా, వాకిలి, గోడ. ఒక్క ఊపున గోడ దూకి కల్లంలో పడ్డాడు.

నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి మిరపకాయల మధ్య మోకాళ్ళ మీద ఉన్నాడు. రెండు చేతులతో ఎత్తి గోతాంలో కుక్కుతున్నాడు. పట్టా లాగి కప్పుతున్నాడు. హిందీలో నీళ్ళు, నీళ్ళు అని అరుస్తున్నాడు. కల్లం రైతు కర్ర తీశాడు. "నా సరుకు తొక్కేస్తున్నాడమ్మా వీడు" అంటున్నాడు. సరిగ్గా అప్పుడు బండి వచ్చింది. ఆరున్నర.

మేడం గోడ ఎక్కి దిగింది. కర్ర దించమని రైతుకు చేత్తోనే చెప్పింది. సాపరును ముట్టుకోలేదు. పది అడుగుల దూరంలో మట్టిలో చతికిలబడింది.

"ఇది నరసరావుపేట రోడ్డు," అంది. గొంతు పెంచలేదు. "ఆదివారం. సాయంత్రం ఆరున్నర. నువ్వు కల్లంలో ఉన్నావు. నీ మోకాళ్ళ కింద నల్లరేగడి. మంచు లేదు. చల్లగా ఉందా, వెచ్చగా ఉందా చూడు."

అదే మాట అలాగే చెబుతూ ఉంది. ఎన్నిసార్లు చెప్పిందో లెక్కపెట్టలేదు. అతని చేతులు నెమ్మదించాయి.

"కనబడేవి ఐదు చెప్పు."

"మట్టి." అరచేతులు నేలకు ఆనించాడు. "గోతాం. పట్టా. మీ చెప్పులు."

"ఇంకొకటి."

"మిరపకాయలు."

"ఎవరివి?"

"మా అమ్మ పంపినవి."

మేడం ముఖం చూశాను. ఆవిడకూ ఈ ముక్క కొత్త.

అక్కడే చెప్పాడు. నేను విన్నాను, డ్రైవరు విన్నాడు, రైతు విన్నాడు. తర్వాత సాపరును అడిగి, అతను సరేనన్నాకే రాస్తున్నాను. పేరు రాయొద్దన్నాడు. వాళ్ళ పోస్టు మంచు కొండ మీద. లంగరులో, అదే సైన్యం వంటశాలలో, పప్పు చప్పగా ఉంటుందని వాళ్ళ అమ్మకు ఉత్తరం రాశాడు. ఆవిడ రెండు కిలోల ఎండుమిరపకాయలు పార్శిలు పంపింది. చెమ్మకు బూజు పట్టకుండా సామాను బంకరులో కిరసనాయిలు బుఖారీ పొయ్యి పైన వేలాడదీశాడు. ఒకరోజు పొయ్యి భగ్గుమంది. లోపల వంట జవాను ఉన్నాడు. సాపరు ఊపిరి బిగబట్టి మూడుసార్లు లోపలికి వెళ్ళాడు.

"నాలుగు అడుగులు మేడం. నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. నేను మంటకు ఆగలేదు. ఘాటుకు ఆగాను. మా మిరపకాయల ఘాటుకు. రిపోర్టులో పొయ్యి అని రాశారు. మిరపకాయల సంగతి ఎవరూ రాయలేదు. నేనూ చెప్పలేదు."

రైతు కర్ర కింద పడేసి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఏడున్నరకు మేడం వంటింట్లోకి వచ్చింది. కుంపటిలో మసైన మిరపకాయలు చూసింది.

"ఎవరు కాల్చారని అడగను," అంది.

"నేనే. దిష్టి తీశాను. అతను ఒక్కసారి కూడా దగ్గలేదు, మీరే ఉంటే చూసేవాళ్ళు. అంత దిష్టి ఉంది. ఏమైతేనేం, లోపల ఉన్నది కక్కేశాడుగా. మీ ఇన్ని వారాల్లో రానిది—"

"ఆపండి. మీరు చేసింది మంచికే అయిందని ఒక్క క్షణం కూడా అనుకోకండి. అది అతను చెప్పదలుచుకున్న రోజు చెప్పేవాడు. మీరు లాగేశారు. రేపు పదింటికి ఆ గదిలోకి వస్తాడో, ఇక జన్మలో ఎవరి ముందూ నోరు తెరవడో నాకు తెలియదు. దగ్గకపోవడం దిష్టి కాదు పిన్నిగారూ. ఊపిరి బిగబట్టాడు. పొగలో చిక్కినవాడు అదే చేస్తాడు."

నేను పీట మీద కూర్చున్నాను. సాపరు కూర్చున్న పీటే.

మొదటి రోజు ఆవిడ అడిగితే చెప్పనన్నది అప్పుడు చెప్పాను. మా ఆయన అరుస్తుంటే దెయ్యం పట్టిందన్నారు. మంత్రగాడు చెప్పినట్టు కొట్టుగదిలో కూర్చోబెట్టి మిరపకాయల పొగ పెట్టాను. మూడు ఆదివారాలు. ఆయన దగ్గలేదు. మూడో ఆదివారం తర్వాత అరవడం మానేశాడు. బాగైందని ఊరంతా చెప్పాను. తర్వాత పదేళ్ళు బతికాడు. ఆ పదేళ్ళలో అన్నం పెట్టు, చాలు, గొడుగు ఎక్కడ, ఇవి తప్ప నాతో మాట్లాడిన గుర్తు లేదు. ఉన్నవాడి నోరు మూయించి, నయమైందనుకున్నాను.

మేడం నోటు పుస్తకం తెచ్చుకుంది. వయసు, సర్వీసు, ఏ కొండ, అన్నీ అడిగి రాసుకుంది. పేరు రాయలేదు, నంబరు వేసింది. చివర్లో చెప్పింది. వాళ్ళ ఊళ్ళో సైన్యంలోంచి వచ్చి చెట్ల కింద తిరిగే మనిషి ఉండేవాడట. బడి పిల్లలు రాళ్ళు వేసేవాళ్ళు. "నేనూ వేశాను. తగిలింది కూడా. అందుకే ఈ పనిలో ఉన్నాను," అంది. పుస్తకం మూసింది. "అయినా మీరు రేపు ఇంటికి వెళ్ళాలి. ఆర్డరు తెలిసి తప్పారు."

"వెళతాను," అన్నాను. మా హవల్దారు ఉంటే ఆయనా పంపించేసేవాడే.

మర్నాడు సోమవారం. ఐదున్నరకు టీ పెట్టాను. సాపరు వంటింటికి రాలేదు. ఎనిమిదింటికి ఇడ్లీ. తినలేదు. నా ట్రంకు వరండాలో పెట్టుకున్నాను. కల్లం రైతు ఊళ్ళో ఎవరితో అన్నాడో, తొమ్మిదీ ముప్పావుకు సాపరు అన్న ఆటోలో దిగాడు.

"చాలు మేడం. చూశాం మీ వైద్యం. తమ్ముణ్ణి తీసుకుపోతున్నా. ఏరా, బ్యాగు సర్దుకో."

"అతనికి పదింటికి నా దగ్గర టైముంది," అంది మేడం. "వెళ్ళాలో ఉండాలో అతనే చెబుతాడు."

"వాడేం చెబుతాడండీ. చెప్పే బుద్ధే ఉంటే పరాయివాళ్ళ కల్లంలో దొర్లుతాడా?"

సాపరు గది గుమ్మంలో గోడకు ఆని నిలబడ్డాడు. నేల చూస్తున్నాడు. మేడం అతని వైపు తప్ప ఇంకెటూ చూడడం లేదు. నేను లేచాను.

"ఒరేయ్ అబ్బాయ్, ఇటు రా," అన్నాను అన్నతో. "నీ తమ్ముడు కల్లంలో ఊరికే దొర్లలేదు. వాణ్ణి తలుపు మూసి పొగలో కూర్చోబెట్టింది నేను. ఇక్కడి వైద్యం తప్పు కాదు, ఇక్కడి వంటమనిషి తప్పు. అందుకే నన్ను పంపించేస్తున్నారు, అదుగో పెట్టె."

"మీరెవరండీ మధ్యలో?"

"గొలుసులు వేసే చోట ఏం చేస్తారో తెలిసినదాన్ని. నా మొగుడికి ఇంట్లోనే చేశాను. అరుపు ఆగుతుంది. నీకు కావలసింది అరుపు ఆగడమే అయితే తీసుకుపో. పదేళ్ళు నీ ఎదురుగా కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. అప్పుడు గొలుసు తీసినా లాభం లేదు."

వరండా గడియారంలో పదికి మూడు నిమిషాలు. గన్నరు కంచం కడగడం ఆపి, దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

సాపరు గోడ వదిలాడు. వచ్చి నా ట్రంకు ఎత్తి ఆటోలో పెట్టాడు. కత్తిపీట గుడ్డలో సరిగా చుట్టలేదని విప్పి మళ్ళీ చుట్టాడు. నా ముఖం చూడలేదు. తిరిగి వెళ్ళాడు. పదింటికి మేడం గదిలోకి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గడియ లేని తలుపు, మళ్ళీ సగం తెరుచుకుంది.

అన్న అరుగు మీద కూర్చుని చెప్పులు చూసుకున్నాడు. కాసేపటికి లేచి "పదండి మామ్మా, రోడ్డు దాకా దింపుతా" అన్నాడు. ఎలాగూ ఆటో ఖాళీగా పోతోంది. ఎక్కాను.

మట్టిరోడ్డుకు రెండువైపులా కల్లాలు. ఆడవాళ్ళు కాళ్ళతో మిరపకాయలు తిరగేస్తున్నారు. ఎర్రటి దుమ్ము లేచి ఆటోలోకి కొట్టింది. అన్న దగ్గాడు. ఆటో అతను దగ్గాడు. నేనూ దగ్గాను, రోడ్డు వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాను.

కొట్టుగదిలో మా ఆయన పీట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద. నీళ్ళు గడ్డం మీదుగా బనియను మీదికి కారుతున్నాయి. తలుపు సందులోంచి నేను చూస్తున్నాను. బయట గడియ వేసింది నేనే.